ఫ్రేమ్ బై ఫ్రేమ్ యానిమేషన్: గీయడం సరే, ప్రివ్యూని నమ్మొచ్చా?

పోయినేడాది మా అక్క కొడుకు మొదటి పుట్టినరోజుకి వాట్సాప్ ఇన్విటేషన్ నేనే చేస్తానని ఒప్పుకున్నా. ఐడియా సింపుల్. కొబ్బరిచెట్టు మీంచి ఒక కోతి జారుకుంటూ కిందికొస్తుంది. చేతిలో ఉన్న పలక మనకి చూపిస్తుంది. పలక మీద పిల్లాడి పేరు, తేదీ, ఫంక్షన్ హాలు అడ్రస్. తర్వాత మళ్లీ చెట్టెక్కేస్తుంది. రెండు రాత్రులు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఒక్కో ఫ్రేమ్ గీశా. ప్లే నొక్కి చూస్తే కోతి బద్ధకంగా కదులుతోంది, పలక ఎంతసేపటికీ పక్కకి పోవట్లేదు. సరే అని మధ్యలో కొన్ని బొమ్మలు తీసేశా, పలక ఆగే టైమ్ తగ్గించా. ఇప్పుడు బాగుంది అనుకుని ఎక్స్‌పోర్ట్ చేసి, మళ్లీ చూడకుండానే ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టేశా.

పది నిమిషాల్లో పెద్దమ్మ ఫోన్. "హాలు ఎక్కడ నాయనా? చదివేలోపే ఆ కోతి పలక లాక్కుని పోయింది!"

నిజమే. వీడియో ఓపెన్ చేసి చూస్తే కోతి రాకెట్‌లా వచ్చి రాకెట్‌లా పోతోంది. తీసేసిన బొమ్మలు ఎక్కడా సేవ్ చేసుకోలేదు. మళ్లీ గీయాల్సి వచ్చింది. ఆ మూడో రాత్రి నేర్చుకున్న సంగతులే ఈ ఆర్టికల్. ఫోన్‌లో అయినా, ట్యాబ్‌లో అయినా, ల్యాప్‌టాప్‌లో అయినా ఫ్రేమ్ బై ఫ్రేమ్ యానిమేషన్ మొదలుపెట్టాలనుకునేవాళ్లు ఇది ముందే చదివితే నాలా ఒక రాత్రి పోగొట్టుకోరు.

అసలు ఏం జరిగింది?

నేను పెట్టిన కాన్వాస్ సైజు 3840×2160, అంటే 4కే. ఫ్రేమ్ రేట్ సెకనుకి 24. కానీ నా ల్యాప్‌టాప్ అంత పెద్ద బొమ్మల్ని సెకనుకి సుమారు 10 చొప్పునే చూపించగలిగింది. పలక 3 సెకన్లు ఆగాలని 72 ఫ్రేమ్‌లు ఇచ్చా. ప్రివ్యూలో అది 7 సెకన్లు నిలబడినట్టు కనిపించింది. దాన్ని 30 ఫ్రేమ్‌లకి తగ్గిస్తే ప్రివ్యూలో కరెక్ట్‌గా 3 సెకన్లు వచ్చింది. ఎక్స్‌పోర్ట్ అయిన వీడియో మాత్రం సెకనుకి 24 చొప్పునే నడుస్తుంది కదా. 30 ఫ్రేమ్‌లంటే సెకనుంపావు. అంతే.

అంటే కరెక్ట్‌గా ఉన్నదాన్ని నేనే కూర్చుని చెడగొట్టా. యానిమేషన్‌లో కొత్తవాళ్లు చేసే తప్పుల్లో ఇది బాగా ఖరీదైనది. గీత వంకరగా వస్తే కంటికి తెలిసిపోతుంది. ప్రివ్యూ నెమ్మదిగా నడుస్తోందని మాత్రం ఎవరూ చెప్పరు.

చిన్నప్పుడు నోట్‌బుక్ మూలల్లో బొమ్మలు గీసి, బొటనవేలితో పేజీలు గబగబా వదిలినవాళ్లకి ప్రివ్యూ అంటే ఏంటో తెలుసు. ఆ ఫ్లిప్‌బుక్‌కి 1868లోనే ఇంగ్లండ్‌లో జాన్ బార్న్స్ లిన్నెట్ పేటెంట్ తీసుకున్నాడు. 1908లో ఫ్రాన్స్‌లో ఎమిల్ కోల్ సుమారు 700 బొమ్మలతో 'ఫాంటస్మగోరీ' తీశాడు. 1930ల్లో డిస్నీ స్టూడియోలో పెన్సిల్ టెస్ట్ అని ఒక పద్ధతి ఉండేది. రఫ్ బొమ్మల్ని ఫిల్మ్ మీద షూట్ చేసి, కడిగి, తెర మీద వేసి చూసి, తప్పులు దిద్దుకునేవాళ్లు. చూడటానికి టైమ్ పట్టేది, కానీ తెర మీద కనిపించిన స్పీడ్ నిజమైన స్పీడే. మనకి ఇప్పుడు ప్లే బటన్ నొక్కగానే బొమ్మ కదులుతుంది. ఆ స్పీడ్ నిజమో కాదో మనమే చూసుకోవాలి.

ముందు మూడు మాటలు తెలుసుకోండి

ఫ్రేమ్ రేట్ లేదా ఎఫ్‌పీఎస్: సెకనుకి ఎన్ని ఫ్రేమ్‌లు చూపిస్తున్నామో అది. సినిమాకి 24.

ఆన్ టూస్: 24 ఎఫ్‌పీఎస్ అంటే సెకనుకి 24 బొమ్మలు గీయాలని రూల్ ఏం లేదు. ఒక్కో బొమ్మని రెండు ఫ్రేమ్‌ల పాటు నిలబెడితే 12 బొమ్మలు చాలు. చేతితో గీసే యానిమేషన్‌లో ఎక్కువ భాగం ఇలాగే నడుస్తుంది. 2018లో వచ్చిన 'స్పైడర్ మ్యాన్: ఇంటు ద స్పైడర్‌వర్స్' త్రీడీ సినిమా అయినా, మొదట్లో మైల్స్ తడబాటు చూపించడానికి అతన్ని ఆన్ టూస్‌లోనే కదిలించారు.

ఆనియన్ స్కిన్: ముందు ఫ్రేమ్, తర్వాతి ఫ్రేమ్ ఉల్లిపొరలా పలచగా వెనక కనిపించే సదుపాయం. ఏ యాప్‌లో అయినా ముందు వెతుక్కోవాల్సింది ఇదే.

ఏ డివైస్‌లో ఏ యాప్?

ఫోన్‌లో: ఫ్లిపాక్లిప్. ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటిలోనూ ఉంది. వేలితో గీసుకోవచ్చు, ఆనియన్ స్కిన్ ఉంది, ఆడియో పెట్టుకోవచ్చు. ఉచిత వెర్షన్‌లో లేయర్లు తక్కువ, వీడియో మీద వాటర్‌మార్క్ పడుతుంది. నేర్చుకోవడానికి మాత్రం ఇంతకంటే ఈజీ యాప్ దొరకడం కష్టం.

ఐప్యాడ్‌లో: ప్రోక్రియేట్. 2019 చివర్లో వచ్చిన వెర్షన్ 5 నుంచి 'యానిమేషన్ అసిస్ట్' ఉంది. 'యాక్షన్స్'లో 'కాన్వాస్' కింద ఆన్ చేస్తే కింద టైమ్‌లైన్ వస్తుంది. ఇందులో ఒక్కో లేయర్ ఒక్కో ఫ్రేమ్. గీతలు, రంగులు వేరే లేయర్లలో కావాలంటే వాటిని గ్రూప్ చేయండి, గ్రూప్ మొత్తం ఒక ఫ్రేమ్‌గా నడుస్తుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. కాన్వాస్ ఎంత పెద్దదైతే ప్రోక్రియేట్ ఇచ్చే లేయర్లు అంత తగ్గుతాయి. అంటే మీ యానిమేషన్ ఎంత పొడవు ఉండొచ్చో మొదట పెట్టిన కాన్వాస్ సైజే తేల్చేస్తుంది. పొడుగు సీన్లకి అదే కంపెనీ 2023 నవంబర్‌లో 'ప్రోక్రియేట్ డ్రీమ్స్' అనే వేరే యాప్ తెచ్చింది.

ల్యాప్‌టాప్‌లో: క్రిటా. పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్, వాటర్‌మార్క్ గొడవ లేదు. 2016లో వచ్చిన 3.0 నుంచి యానిమేషన్ ఉంది. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో కూడా పనిచేస్తుంది, ఫోన్ స్క్రీన్ మీద మాత్రం ఇరుగ్గా ఉంటుంది.

క్లిప్ స్టూడియో పెయింట్ కొనాలనుకునేవాళ్లు ఒకటి గమనించండి. ప్రో వెర్షన్‌లో 24 ఫ్రేమ్‌లే లిమిట్. పొడుగు యానిమేషన్‌కి ఈఎక్స్ వెర్షన్ కావాలి. చిన్న లూప్‌లకి ప్రో సరిపోతుంది.

క్రిటాలో మొదటి యానిమేషన్: స్టెప్ బై స్టెప్

1. కొత్త ఫైల్ 1280×720 సైజులో తెరవండి. ఫోన్‌లో చూసే ఇన్విటేషన్‌కి ఇది చాలు. నిలువు వీడియో కావాలంటే 720×1280.

2. 'విండో' మెనూలో 'వర్క్‌స్పేస్' కింద 'యానిమేషన్' ఎంచుకోండి. టైమ్‌లైన్, ఆనియన్ స్కిన్ ప్యానెల్స్ వాటంతట అవే వచ్చేస్తాయి.

3. బ్యాక్‌గ్రౌండ్‌ని ఒక లేయర్‌లో ఉంచి, కదిలే బొమ్మకి ఖాళీగా ఉన్న వేరే లేయర్ తీసుకోండి. తెల్ల రంగు నింపిన లేయర్ మీద గీస్తే వెనక ఫ్రేమ్ కనపడదు. ఆనియన్ స్కిన్ పనిచేయట్లేదని చాలామంది తల పట్టుకునేది ఇక్కడే.

4. టైమ్‌లైన్‌లో ఫ్రేమ్ గడి మీద రైట్ క్లిక్ చేసి ఖాళీ ఫ్రేమ్ పెట్టండి. పాత బొమ్మనే కొద్దిగా మార్చాలంటే డూప్లికేట్ ఫ్రేమ్.

5. లేయర్ పక్కన ఉన్న బల్బు గుర్తు నొక్కితే ఆనియన్ స్కిన్ ఆన్ అవుతుంది. మామూలుగా వెనక ఫ్రేమ్‌లు ఎరుపులో, ముందు ఫ్రేమ్‌లు ఆకుపచ్చలో కనిపిస్తాయి.

6. కొత్త ఫ్రేమ్ పెట్టకుండా ఖాళీ గడిలో నిలబడి గీసేస్తే జాగ్రత్త. ఆటో ఫ్రేమ్ మోడ్ ఆఫ్‌లో ఉంటే మీరు గీసింది అంతకుముందున్న బొమ్మ మీదే పడుతుంది. ఐదు నిమిషాల తర్వాత చూస్తే పాత బొమ్మకి రెండు తోకలు ఉంటాయి.

7. యానిమేషన్ చివరి ఫ్రేమ్ నంబర్ సెట్ చేయండి. లేకపోతే బొమ్మలు అయిపోయాక కూడా ప్లేబ్యాక్ ముందుకి పోతూ, లూప్ ఆగిపోయినట్టు కనిపిస్తుంది.

8. 'ఫైల్' మెనూలో 'రెండర్ యానిమేషన్'. 5.2 వెర్షన్ నుంచి వీడియోకి కావాల్సిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ క్రిటాతోనే వస్తోంది, విడిగా దించుకోనక్కర్లేదు.

గీసే వరస గురించి ఒక్క మాట. మొదటి ఫ్రేమ్‌కే రంగులు వేసి ముస్తాబు చేయకండి. ముందు ముఖ్యమైన భంగిమలు మాత్రమే పుల్లల బొమ్మల్లా గీసి టైమింగ్ చూసుకోండి. నా కోతికి అవి నాలుగే: చెట్టు మీద, కింద, పలక ఎత్తినప్పుడు, మళ్లీ చెట్టు మీద. ఈ నాలుగూ సరైన టైమ్‌కి పడితే మధ్య బొమ్మలు ఎన్ని కావాలో వాటంతట అవే తెలుస్తాయి. టైమింగ్ తప్పని తేలినా పోయేది నాలుగు పుల్లల బొమ్మలే.

ప్రివ్యూ ఎందుకు తడబడుతుంది? ఒక చిన్న లెక్క

ప్లే నొక్కగానే యాప్ ప్రతి ఫ్రేమ్‌లో ఉన్న లేయర్లన్నీ కలిపి ఒక చిత్రంగా తయారు చేసుకుని, మెమరీలో దాచుకుని, వరసగా చూపిస్తుంది. దీన్నే క్యాష్ అంటారు. ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు అనుకుని, 10 సెకన్ల యానిమేషన్‌ని, అంటే 240 ఫ్రేమ్‌లని లెక్క కడదాం.

- 1280×720: ఫ్రేమ్‌కి సుమారు 3.7 ఎంబీ, మొత్తం 0.9 జీబీ దగ్గర
- 1920×1080: ఫ్రేమ్‌కి సుమారు 8.3 ఎంబీ, మొత్తం 2 జీబీ
- 3840×2160: ఫ్రేమ్‌కి సుమారు 33 ఎంబీ, మొత్తం 8 జీబీ దగ్గర

యాప్‌లు కొంత కుదించి దాస్తాయి, నిలబెట్టిన బొమ్మని ఒకసారే దాచుకునేవీ ఉన్నాయి, కాబట్టి నిజంగా వాడేది దీనికంటే తగ్గొచ్చు. అయినా 8 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో 4కే కాన్వాస్ పెట్టి నేను ఎంత అత్యాశకి పోయానో తెలుస్తోంది కదా. ఆన్ టూస్‌లో గీస్తే బొమ్మలు సగమే కాబట్టి ఈ భారం కూడా దాదాపు సగానికి దిగుతుంది.

మెషీన్ అందుకోలేనప్పుడు యాప్ ముందు రెండే దారులుంటాయి. ఒకటి, అన్ని ఫ్రేమ్‌లూ చూపిస్తూ నెమ్మదిగా నడవడం. రెండోది, టైమ్ కరెక్ట్‌గా ఉంచి మధ్యలో ఫ్రేమ్‌లు ఎగ్గొట్టడం. మొదటిదాంట్లో కదలిక నున్నగా ఉంటుంది, టైమింగ్ తప్పు. రెండోదాంట్లో టైమింగ్ కరెక్ట్, కదలిక గతుకులు. క్రిటాలో 'డ్రాప్ ఫ్రేమ్స్' అనే బటన్ సరిగ్గా దీనికే. టైమింగ్ చూసుకునేటప్పుడు ఆన్‌లో ఉంచండి. ఒక్కో బొమ్మ సరిగా ఉందో లేదో చూసుకునేటప్పుడు ఆఫ్ చేయండి. రెండూ ఒకేసారి కావాలంటే కాన్వాస్ తగ్గించడమో, ర్యామ్ పెంచడమో తప్పదు.

క్రిటాలో ఇంకో మూడు సంగతులు పనికొస్తాయి:

- సెట్టింగ్స్‌లో 'పెర్ఫార్మెన్స్' కింద యానిమేషన్ క్యాష్ ఆప్షన్లు ఉంటాయి. క్యాష్‌ని ర్యామ్‌లో ఉంచాలా, డిస్క్ మీద ఉంచాలా అన్నది అక్కడే ఎంచుకోవచ్చు. ప్రివ్యూ వరకు ఫ్రేమ్ సైజు తగ్గించి చూపించమని కూడా చెప్పొచ్చు, అసలు బొమ్మకి ఏం కాదు.
- ప్లేబ్యాక్ స్పీడ్ 100 శాతం ఉందో లేదో చూడండి. ఎప్పుడో 50కి తగ్గించి మర్చిపోతే మళ్లీ నా కోతి కథే.
- టైమ్‌లైన్‌లో కొన్ని ఫ్రేమ్‌లు మాత్రమే సెలెక్ట్ చేసి ప్లే నొక్కితే అవే తిరుగుతాయి. ఒక్క గెంతు సరిచూడటానికి సీన్ మొత్తం మొయ్యక్కర్లేదు.

మొదటిసారి ప్లే చేసినప్పుడు తడబడితే కంగారు పడకండి. క్యాష్ తయారవుతోందేమో. ఒకటి రెండు లూప్‌లు తిరగనిచ్చి అప్పుడు చూడండి.

స్టాప్‌వాచ్ టెస్ట్: అర నిమిషంలో నిజం తేలుతుంది

ఏ యాప్‌కైనా పనికొచ్చే పరీక్ష ఇది. 24 ఎఫ్‌పీఎస్ దగ్గర 48 ఫ్రేమ్‌ల ముక్క ఒకటి తీసుకోండి. అది 2 సెకన్లలో అయిపోవాలి. లూప్‌లో పెట్టి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఆన్ చేసి, 10 సార్లు తిరిగేదాకా లెక్కపెట్టండి. 20 సెకన్లు రావాలి. 21 వచ్చినా ఫర్వాలేదు, మన వేలి ఆలస్యం అనుకోవచ్చు. 27 వచ్చిందా? ఆ ప్రివ్యూ చూసి ఒక్క ఫ్రేమ్ కూడా తీసేయకండి, కలపకండి.

అప్పుడు చేయాల్సింది సగం సైజులో ఒక టెస్ట్ వీడియో ఎక్స్‌పోర్ట్ చేయడం. దాన్ని ఫోన్‌కి పంపి గ్యాలరీలో ప్లే చేసి చూడండి. వీడియో ప్లేయర్‌కి లేయర్లు కలిపే పని ఉండదు కాబట్టి అసలు స్పీడ్ కనిపిస్తుంది. ఒక్క క్లిక్‌తో అయ్యే ఈ పని మొదటి రాత్రే చేసుంటే నాకు మూడో రాత్రి మిగిలేది.

స్క్రీన్ మీద చదవాల్సింది ఏదైనా ఉంటే దానికి వేరే టెస్ట్: పైకి నిదానంగా రెండుసార్లు చదివేంత టైమ్ ఇవ్వండి. రాసింది మనమే కాబట్టి మనకి ఒక్క చూపు చాలు. పెద్దమ్మకి చాలదు.

గ్యాడ్జెట్ వల్ల వచ్చే మోసాలు మూడు

స్క్రీన్ రిఫ్రెష్ రేట్: 60 హెర్ట్జ్ స్క్రీన్ మీద 24 ఎఫ్‌పీఎస్ సమంగా సర్దుకోదు. 60ని 24తో భాగిస్తే రెండున్నర. అందుకే ఒక ఫ్రేమ్ కొంచెం ఎక్కువసేపు, ఇంకోటి తక్కువసేపు కనిపిస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ మొత్తం పక్కకి జరిగే షాట్‌లో ఈ కుదుపు బాగా తెలుస్తుంది. 120 హెర్ట్జ్‌లో ఒక్కో ఫ్రేమ్‌కి సరిగ్గా 5 రిఫ్రెష్‌లు, సమస్య లేదు. 90 హెర్ట్జ్‌లో 24 మళ్లీ సమంగా పడదు, 15 గానీ 30 గానీ పడతాయి. 60 హెర్ట్జ్ ఫోన్‌లో లూప్ చేస్తుంటే 12 ఎఫ్‌పీఎస్ హాయి, ఒక్కో ఫ్రేమ్‌కి కరెక్ట్‌గా 5 రిఫ్రెష్‌లు వస్తాయి. కాబట్టి సన్నని కుదుపు కనిపించగానే బొమ్మలు దిద్దడం మొదలుపెట్టకండి, ముందు ఇంకో స్క్రీన్ మీద చూడండి.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు: 24 ఎఫ్‌పీఎస్ దగ్గర ఒక్క ఫ్రేమ్ అంటే సుమారు 42 మిల్లీసెకన్లు. ఇయర్‌ఫోన్లలో శబ్దం 200 మిల్లీసెకన్లు ఆలస్యంగా వినిపిస్తే దాదాపు 5 ఫ్రేమ్‌లు తేడా. మాటలకి నోటి కదలికలు కలిపేటప్పుడు దీన్ని నమ్మితే నోరంతా తప్పుగా పడుతుంది. ఆడియో పనికి వైరు ఇయర్‌ఫోన్లో, డివైస్ స్పీకరో వాడండి.

జిఫ్ ఫైల్: జిఫ్‌లో ఒక్కో ఫ్రేమ్ టైమ్‌ని సెకనులో వందో వంతుల్లోనే రాయగలం. 24 ఎఫ్‌పీఎస్‌కి 4.17 కావాలి, అది కుదరదు, 4 పెడితే 25 ఎఫ్‌పీఎస్ అవుతుంది. ఈ తేడా కంటికి తెలియదు. కానీ స్పీడ్ బాగా పెంచి ఒక్కో ఫ్రేమ్‌కి 2 వందో వంతుల కంటే తక్కువ ఇస్తే, చాలా బ్రౌజర్లు దాన్ని 10గా తీసుకుంటాయి. బొమ్మ ఒక్కసారిగా నత్తనడక అవుతుంది. పైగా ఒక్కో ఫ్రేమ్‌లో 256 రంగులే. వాట్సాప్‌లో పంపేదైతే నేరుగా ఎంపీ4 ఎక్స్‌పోర్ట్ చేయండి.

మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి

- కాన్వాస్ 1280×720తో మొదలుపెట్టండి. ర్యామ్ 16 జీబీ ఉంటే 1920×1080కి వెళ్లండి.
- ఎఫ్‌పీఎస్ మొదటి గీత గీయకముందే ఫిక్స్ చేయండి. మధ్యలో మారిస్తే టైమింగ్ మొత్తం మారిపోతుంది.
- లూప్ యానిమేషన్‌లో మొదటి బొమ్మనే చివర్లో కూడా పెట్టకండి. అదే బొమ్మ రెండుసార్లు వచ్చి, తిరిగే చోట చిన్న ఆగుడు కనిపిస్తుంది.
- ఫ్రేమ్‌లు తీసేసే ముందు ఫైల్‌ని వేరే పేరుతో సేవ్ చేయండి.
- గ్రూప్‌లో పెట్టే ముందు ఎక్స్‌పోర్ట్ అయిన ఫైల్‌ని ఒకసారి పూర్తిగా చూడండి.

మూడో రాత్రి కాన్వాస్ 1280×720కి దించి, ఆన్ టూస్‌లో మళ్లీ గీశా. పలకకి ఈసారి 5 సెకన్లు, అంటే 120 ఫ్రేమ్‌లు ఇచ్చా. గీయాల్సింది ఒక్క బొమ్మే, దాన్ని అలా నిలబెట్టడమే. పది లూప్‌లు స్టాప్‌వాచ్‌తో కొలిచి, ఎక్స్‌పోర్ట్ చేసి, ముందు మా అమ్మ ఫోన్‌కి పంపా. ఆవిడ కళ్లజోడు వెతుక్కుని, పెట్టుకుని, పేరు, తేదీ, హాలు అన్నీ పైకి చదివింది. చదవడం అయ్యాకే కోతి చెట్టెక్కింది. అప్పుడు గ్రూప్‌లో పెట్టా.